అప్పు, బలి, బాధ్యత: ‘యజ్ఞం’ కథలో ప్రకృతివాదం

ప్రకృతివాదం అనే మాట వినగానే మన పాఠకులలో చాలామందికి కొండలు, సెలయేళ్లు, భావకవిత్వం గుర్తుకు వస్తాయి. ఈ వ్యాసంలో మేము ఆ అర్థంలో దానిని వాడడం లేదు. ఆంగ్లంలో నేచురలిజం అని పిలిచే సాహిత్య తత్త్వాన్ని మనవారు కొందరు సహజవాదం అనీ, కొందరు ప్రకృతివాదం అనీ అనువదించారు. రెండూ పూర్తిగా అతికే మాటలు కావు. అయినా రెండవదానినే తీసుకుంటున్నాం. ఎందుకంటే ఈ వాదం చెప్పే మొదటి మాట మనిషి ప్రకృతిలో ఒక భాగం మాత్రమేనని. పైనుండి అతని మీదికి వచ్చే వెలుగు లేదు, లోపల ప్రకృతికి లొంగని ఆత్మ లేదు. పుట్టుకతో వచ్చిన రక్తం, పెరిగిన వాడ, అనుకోకుండా తగిలిన సందర్భం, ఈ మూడూ కలిసి మనిషిని నడిపిస్తాయి. అతను నడుస్తున్నానని అనుకుంటాడు. ఈ లెక్కన నేరం చేసినవాడు పాపి కాడు, ఒక ఫలితం.

ఇది నాస్తికుల మాట, మనకెందుకని సేవకులు కొందరు అనవచ్చును. అయితే ఈ మాటను మనం నవలలలో కంటే ముందు మన సంఘాలలోనే వింటున్నాం. తాగి భార్యను కొట్టిన మనిషి, ఫైనాన్సు కంపెనీకి భయపడి ఊరు విడిచిన మనిషి కాపరి ముందు కూర్చుని చెప్పేది ఇదే: ‘నా పరిస్థితి అటువంటిది అయ్యగారూ, నా చేతిలో ఏముంది?’ ఆ ప్రశ్నకు పాపము, పశ్చాత్తాపము అనే రెండు మాటలతో జవాబు చెప్పి పంపడం సులభం. ఆ జవాబు చాలదని తెలిసిన కాపరికి ప్రకృతివాద సాహిత్యం పనికివచ్చే పాఠ్యమని మా అభిప్రాయం.

ఈ ధోరణి ఫ్రాన్సులో పుట్టింది. 1865లో క్లాడ్ బెర్నార్డ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ప్రయోగాత్మక వైద్యాన్ని గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. దాని ప్రభావంతో ఎమిల్ జోలా 1880లో నవల కూడా ఒక ప్రయోగశాలయేనని వాదించాడు. ఒక స్వభావం గల మనిషిని ఒక పరిసరంలో వదిలి ఏమి జరుగుతుందో నమోదు చేయడమే రచయిత పని అని అతని భావన. అంతకు ముందే, 1859లో డార్విన్ గ్రంథం వెలువడింది. ఈ రెండు ప్రవాహాలూ అమెరికా చేరి అక్కడ నవలను మార్చాయి. 1893లో స్టీఫెన్ క్రేన్ ‘మ్యాగీ’, 1899లో ఫ్రాంక్ నోరిస్ ‘మెక్‌టీగ్’, 1900లో థియొడోర్ డ్రైజర్ ‘సిస్టర్ క్యారీ’ వచ్చాయి. క్రేన్ తండ్రి మెథడిస్టు బోధకుడు. డ్రైజర్ తండ్రి నిష్ఠాపరుడైన కతోలికుడు. వీరు సంఘాన్ని బయటినుంచి చూసి రాసినవారు కారు, ప్రార్థనల నడుమ పెరిగినవారు. వారి అవిశ్వాసంలో ఒక నిర్దిష్టమైన ఫిర్యాదు ఉంది. దానిని వినకుండా ఖండించడం మంచి పండితుల పని కాదు.

ఆ ఫిర్యాదు అన్నిటికంటే స్పష్టంగా వినిపించేది డ్రైజర్ 1925లో ప్రకటించిన ‘ఏన్ అమెరికన్ ట్రాజెడీ’ నవలలో. కథానాయకుడు క్లైడ్ గ్రిఫిత్స్ వీధి సువార్తికుల కుమారుడు. కాన్సస్ నగరంలో తల్లిదండ్రులు వీధి మూలలో నిలబడి పాటలు పాడుతుంటే, చిన్న హార్మోనియం ప్రక్కన నిలబడి సిగ్గుతో కుంచించుకుపోయే పిల్లవాడు. పెద్ద హోటలులో సామాను మోసే పని దొరికాక డబ్బున్నవారి లోకం చూస్తాడు. తరువాత పెదతండ్రిగారి కాలర్ల ఫ్యాక్టరీలో చేరి, అక్కడి పనిపిల్ల రాబర్టాను గర్భవతిని చేస్తాడు. ధనికుల పిల్ల సోండ్రా మీద ఆశతో రాబర్టాను సరస్సు మీదికి తీసుకువెళతాడు. చంపాలనే వెళతాడు, అయితే ఆ క్షణంలో చేయలేకపోతాడు. అతని చేతిలోని కెమెరా ఆమెకు తగులుతుంది, పడవ బోల్తాపడుతుంది. ఆమె మునిగిపోతుంటే అతను ఈదుకుంటూ ఒడ్డుకు వెళతాడు. ఇది హత్యా, ప్రమాదమా? న్యాయస్థానం హత్య అన్నది. మరణశిక్ష విధించింది.

ఈ కథకు ఆధారం నిజంగా జరిగిన ఉదంతం. 1906లో న్యూయార్క్ రాష్ట్రంలోని బిగ్ మూస్ సరస్సులో గ్రేస్ బ్రౌన్ అనే యువతి మరణించింది. ఆ నేరానికి చెస్టర్ జిల్లెట్‌కు 1908లో మరణశిక్ష అమలయింది. జిల్లెట్ తల్లిదండ్రులు రక్షణ సైన్యంలో పనిచేసినవారు.

నవల చివరిలో మెక్‌మిలన్ అనే బోధకుడు చెరసాలలో క్లైడ్‌ను దర్శించి, అతని ఒప్పుకోలు అంతా వింటాడు. శిక్ష తగ్గించమని అడగడానికి తల్లితో కలిసి గవర్నరు దగ్గరకు వెళతాడు. అయితే క్లైడ్‌ను తప్పించగల మాట ఏదీ ఆ బోధకుడు చెప్పలేకపోతాడు. హృదయంలో అతను దోషియేనని తాను తీర్మానించుకున్నాడు గనుక. మరణశిక్ష జరిగిన తరువాత, తాను సరిగానే తీర్పు తీర్చానా అన్న సందేహం ఆయనను వదలదు. కాపరుల శిక్షణలో ఈ భాగాన్ని తప్పక చదివించాలని మేము అనుకుంటాం. డ్రైజర్ మెక్‌మిలన్‌ను వెక్కిరించలేదు. ఆ మనిషి మంచివాడు. ఆయన దగ్గర ఉన్న కొలబద్ద ఒక్కటే, చిత్తము. ఆ కొలబద్దతో క్లైడ్ జీవితాన్ని కొలవడానికి కూర్చున్నాడు.

ఇక్కడ తెలుగు పాఠకులు పడే ఒక పొరపాటును ప్రస్తావించాలి. పరిస్థితులే మనిషిని నడిపిస్తాయంటే మనకు వెంటనే తలరాత, కర్మఫలం తోస్తాయి. అవి వేరు. కర్మ సిద్ధాంతంలో లెక్క ఉంది. ఎప్పుడో చేసినదానికి ఇప్పుడు అనుభవం. తలరాతలోనైనా రాసినవాడొకడు ఉన్నాడు. ప్రకృతివాదంలో లెక్కా లేదు, రాసేవాడూ లేడు. వరద వచ్చినట్టు, కరువు వచ్చినట్టు మనిషికి జీవితం వస్తుంది. కర్మ బాధపడేవాడిని దోషిని చేస్తే, ప్రకృతివాదం ఎవరినీ దోషిని చేయదు. రెండింటిలోనూ అప్పు ఇచ్చినవాడికి నిద్ర బాగానే పడుతుంది.

తెలుగులో ఎవరు?

జోలా చెప్పిన అర్థంలో ప్రకృతివాద నవల తెలుగులో బలంగా వేళ్లూనుకోలేదు. మన విశాఖపట్నంలో న్యాయవాదిగా జీవించిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) దానికి దగ్గరగా వచ్చినట్టు కనిపిస్తారు. ఆయన ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధ చట్టం నీడలో నలిగే పేదలను, పోలీసులను, కోర్టులను చూపిస్తాయి. పరిసరమే మనిషిని తయారుచేస్తుందని ప్రతి పుటలోనూ రుజువవుతుంది. కాని శాస్త్రిగారి కోపం, వెటకారం వాక్యవాక్యంలోనూ పైకి లేస్తాయి. తాను రాసేది ఏ మంచికి హాని చేస్తుందో, ఏ చెడ్డకు సాయపడుతుందో రచయిత ఆలోచించుకోవాలని ఆయన నమ్మారు. ప్రకృతివాది అలా నమ్మడు. అతను గది బయట నిలబడి చూస్తాడు.

ఆ చూపు మనకు కాళీపట్నం రామారావు (1924–2021) గారిలో కనిపిస్తుంది. ఆయన పుట్టింది శ్రీకాకుళం జిల్లా మురపాకలో. ఆనందపురం నుంచి జాతీయ రహదారి మీద తగరపువలస, భోగాపురం దాటి రణస్థలం వైపు వెళ్లే మన విద్యార్థులకు ఆ ప్రాంతం కొత్త కాదు. ఆయన 1948 నుంచి 1979 వరకు విశాఖపట్నంలోని సెయింట్ ఆంథోనీ హైస్కూలులో ఉపాధ్యాయుడు. మార్క్సిస్టు దృష్టిగల ఈ రచయిత మూడు దశాబ్దాలు ఒక కతోలిక పాఠశాలలో పాఠాలు చెప్పారన్న విషయం మన సంఘాలలో చాలామందికి తెలియదు. ‘యజ్ఞంతో తొమ్మిది’ కథల సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1997లో శ్రీకాకుళంలో ఆయన కథానిలయాన్ని స్థాపించారు. తెలుగు కథలను ఒకచోట చేర్చి భద్రపరిచే ఆ గ్రంథాలయాన్ని పరిశోధక విద్యార్థులు ఒక్కసారైనా చూడాలి.

‘యజ్ఞం’ 1960ల నడుమ వెలువడింది. ఆ ఏళ్లలోనే విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమం నడిచింది. 1967 తరువాత శ్రీకాకుళం గిరిజన ప్రాంతాలలో రైతాంగ పోరాటం రాజుకుంది. కథకు ముందు గాని తరువాత గాని ఏమి జరిగిందో తెలియకపోయినా కథ నిలుస్తుంది. తెలిస్తే మరింత భయపెడుతుంది.

కథ ఇది. సుందరపాలెం అనే పల్లెలో పంచాయతీ కూర్చున్నది. దళితుడైన అప్పల్రాముడు షావుకారు గోపన్నకు ఏళ్లనాటి అప్పు బాకీ ఉన్నాడు. వడ్డీతో అది పెరిగి పెద్దదయింది. పెద్దమనిషి శ్రీరాములునాయుడు ఆదర్శవాది. తన ఊరివారు కోర్టుల చుట్టూ తిరిగి చెడిపోకూడదనీ, తగవులు ఊళ్లోనే ధర్మంగా తీరాలనీ పట్టుదల గలవాడు. ఊరి అభివృద్ధికి పాటుపడినవాడు. గోపన్న కూడా పాత గోపన్న కాడు, కాలం ఆయననూ దెబ్బతీసింది. అప్పల్రాముడు తన బ్రతుకంతా సభలో చెప్పుకుంటాడు. ఊరు బాగుపడిందన్న ఏళ్లలో తన ఇల్లు ఎలా చితికిందో చెబుతాడు. చివరికి పెద్దల మాటకు తలవంచి, ఉన్న కొద్దిపాటి భూమి వదులుకోవడానికి ఒప్పుకుంటాడు. అప్పుడు కొడుకు సీతారాముడు అడ్డం తిరుగుతాడు. ఆ భూమి పోతే తాము, తమ పిల్లలు తరతరాలుగా పాలేర్లుగా బ్రతకాలి. అతను ఇంటికి వెళ్లి, తన పసిబిడ్డను చంపి, ఆ శవాన్ని తెచ్చి సభ ముందు పెడతాడు.

చదివినవారు మరచిపోలేని ముగింపు ఇది. దీని మీద తెలుగు విమర్శలో ఏళ్ల తరబడి చర్చ జరిగింది. ఏ తండ్రీ ఇలా చేయడని కొందరన్నారు. ఇదొక్కటే సాధ్యమైన ముగింపని కొందరన్నారు.

ప్రకృతివాదం ఈ కథలో ఎక్కడ ఉన్నది? మొదట, దుర్మార్గుడు లేకపోవడంలో. గోపన్న దొంగ లెక్కలు రాసిన షావుకారు అయి ఉంటే ఈ కథ సినిమా కథ అయ్యేది. నాయుడు కపటి అయితే పాఠకుడు ఊపిరి పీల్చుకునేవాడు. ఇక్కడ అందరూ న్యాయంగానే మాట్లాడతారు, అప్పు నిజమైనది, పత్రం నిజమైనది. రచయిత ఎవరి తరపునా గొంతు పెంచడు. రోజుకు ఇంత చొప్పున పెరిగే తీగలా వడ్డీ పెరుగుతుంది. మనుషులు నిద్రపోయినా అది పెరుగుతుంది. పండుగ రోజున పెరుగుతుంది. క్లైడ్ గ్రిఫిత్స్‌ను సరస్సు దాకా నెట్టుకువచ్చిన శక్తుల వంటిదే అప్పల్రాముణ్ణి ధర్మమండపం దాకా తెచ్చింది.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. క్రేన్, నోరిస్, డ్రైజర్‌ల నవలలలో మనిషిని తొక్కే శక్తికి ముఖం లేదు. కామం, ఆకలి, నగరం, యాదృచ్ఛికం. వాటితో ఎవరూ వాదించలేరు. రామారావుగారి కథలో ఆ శక్తి ఒక లెక్కల పుస్తకం. వడ్డీరేటును ప్రకృతి నిర్ణయించలేదు, మనుషులు కూర్చుని నిర్ణయించారు. కూర్చుని మార్చవచ్చును కూడా. వరదలా కనిపించేది నిజానికి ఒక ఒప్పందమని ఆయన చూపించారు. అందుకే మేము ‘యజ్ఞం’ను పూర్తి ప్రకృతివాద కథ అనడం లేదు. ప్రకృతివాదపు కళ్లతో మొదలై, ఆ వాదాన్ని దాటిపోయిన కథ.

సీతారాముడి చర్య కూడా అంతే. నోరిస్ నవలలో మెక్‌టీగ్ తాగిన మత్తులో, రక్తంలోని మృగం మేల్కొన్నప్పుడు కొడతాడు. సీతారాముడు అలా కాదు. అతను వాదించాడు, లెక్క వేశాడు, తన బిడ్డ భవిష్యత్తును చివరిదాకా చూశాడు. ఇటువంటి అప్పులలో పుట్టి చనిపోయిన తండ్రులు మన జిల్లాలలో లెక్కలేనంతమంది. వారు బిడ్డలను చంపలేదు. అంటే పరిస్థితి నుంచి ఈ చర్య ఫలితంగా పుట్టలేదు. కారణాలన్నీ ఒకవైపు ఉంచినా ఇంకా కొంత మిగులుతుంది. మిగిలినదానినే మన శాస్త్రం చిత్తము అంటుంది. ఇక్కడ ఆ చిత్తము అత్యంత భయంకరమైన రూపంలో బయటపడింది. ప్రకృతివాదం ఆ బిడ్డ మరణాన్ని వివరించగలదేమో. ఆ శవాన్ని చూసి మనకెందుకు కడుపు తరుక్కుపోతుందో వివరించలేదు. మనిషి ఒక ఫలితం మాత్రమే అయితే అక్కడ ఏడవడానికి ఏమీ లేదు.

ఒక్క సంగతి విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదని మా ఆక్షేపణ. ఆ పసివాడికి కథలో మాట లేదు. అతను బానిసత్వానికి గుర్తు, తిరుగుబాటుకు గుర్తు, వ్యవస్థకు గుర్తు అని వ్యాసాలు రాశారు. గుర్తు కాకముందు అతను ఒక బిడ్డ. అతనికొక తల్లి ఉంది. సీతారాముడి నిరసన ఎంత న్యాయమైనదైనా, అతను పోగొట్టినది తన ప్రాణం కాదు. దళిత క్రైస్తవ దైవశాస్త్రం పేరుతో ఈ కథను బోధించేవారు ఈ మాట దాటవేయకూడదు.

బలిపీఠం, సభ

కథకు ‘యజ్ఞం’ అనే పేరు చూడగానే మన విద్యార్థులు ఆదికాండము 22కు పరుగెత్తుతారు. తొందర వద్దు. మోరీయా కొండ మీద చెయ్యి ఆపిన స్వరం ఉన్నది, సుందరపాలెంలో లేదు. ఆ తేడా చెప్పి ఊరుకుంటే అది ప్రసంగానికి అలంకారం అవుతుందే తప్ప కథకు జవాబు కాదు. 2 రాజులు 4 మరింత దగ్గర. అక్కడ ఒక విధవరాలి ఇద్దరు కుమారులను దాసులుగా తీసుకుపోవడానికి అప్పులవాడు వచ్చాడు. ప్రవక్త ఎలీషా ఆమెకు సహనం గురించి బోధించలేదు. ఇంట్లో ఏమున్నదని అడిగాడు. నూనె అమ్మి అప్పు తీర్చమన్నాడు. అద్భుతం ఆమె ఒక్క ఇంటిని కాపాడింది. అప్పులవాడి హక్కును ఆ అధ్యాయం ప్రశ్నించదు.

ప్రశ్నించిన అధ్యాయం నెహెమ్యా 5. దానిని ‘యజ్ఞం’ ప్రక్కన పెట్టి చదివితే ఒళ్లు జలదరిస్తుంది. యెరూషలేము ప్రాకారం కడుతున్నారు. అంటే అభివృద్ధి జరుగుతున్నది. ఆ సమయంలోనే పేదలు మొరపెట్టారు. ధాన్యం కోసం, రాజుగారి పన్ను కోసం పొలాలు కుదువపెట్టామనీ, కొడుకులను కూతుళ్లను దాసులుగా అప్పగిస్తున్నామనీ, తమ భూములు పరాధీనమైనందున విడిపించే శక్తి తమకు లేదనీ. శక్తి లేదన్న ఆ మాటే ప్రకృతివాదపు కేంద్ర వాక్యం. దానిని పవిత్ర గ్రంథం దాచిపెట్టలేదు, ఖండించనూ లేదు. నెహెమ్యా దానిని నిజమని తీసుకున్నాడు. ఆ తరువాత మహాసభను సమకూర్చాడు.

రెండు సభలనూ పోల్చి చూడండి. శ్రీరాములునాయుడి సభ అడిగిన ప్రశ్న ఒక్కటే: అప్పు ఉన్నదా, లేదా? నెహెమ్యా ఆ ప్రశ్నే వేయలేదు. అప్పు ఉన్నదని అందరికీ తెలుసు. సహోదరుల మధ్య ఇది జరగవచ్చునా అన్నదే ఆయన ప్రశ్న. పొలాలు, ద్రాక్షతోటలు, ఒలీవతోటలు, ఇండ్లు తిరిగి ఇమ్మన్నాడు, నూరవ భాగమును కూడా. అంతకంటే ముఖ్యమైనది పదవ వచనంలో ఉన్నది. తానూ, తన బంధువులూ, దాసులూ అప్పులిచ్చినవారేనని ఆయన సభలోనే చెప్పాడు. నాయుడు న్యాయాధిపతి కుర్చీలో కూర్చున్నాడు. నెహెమ్యా అప్పులిచ్చినవారి వరుసలో నిలబడి మాట్లాడాడు.

ఇది పాత కథల పోలిక మాత్రమే కాదు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను అదుపుచేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ల ఒత్తిడికి తట్టుకోలేక జరిగిన ఆత్మహత్యల నేపథ్యంలో అది వచ్చింది. ఆ అప్పులలో గ్రూపు బాధ్యత ఉండేది. ఒకరు కట్టకపోతే గ్రూపులోని మిగతా ఆడవాళ్లే ఆమె గడప ముందు కూర్చునేవారు. ఆదివారం ప్రక్క ప్రక్కన కూర్చుని ప్రార్థించే సహోదరీలు గురువారం వసూలుదారులు అవుతారు. ఇప్పుడు ఆ పనిని సెల్‌ఫోన్ యాప్‌లు చేస్తున్నాయి. అక్కడ మనిషి ముఖం కూడా కనిపించదు. డ్రైజర్ ఊహించిన ముఖంలేని శక్తి వచ్చి మన బల్ల మీద కూర్చున్నది.

ఇక మిగిలినది యెహెజ్కేలు 18. ప్రకృతివాదానికి జవాబుగా మన వేదికల మీద తరచుగా వినిపించే అధ్యాయం అదే. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెతను ప్రవక్త కొట్టివేశాడనీ, ఎవరి పాపానికి వారే బాధ్యులనీ, గనుక పరిస్థితుల మీద నెపం వేయవద్దనీ మనం బోధిస్తాం. ఆ వ్యాఖ్యానం తప్పు కాదు. అయితే ఆ అధ్యాయంలో నీతిమంతుడు ఎవరో చెప్పే వచనాలను మనం త్వరగా చదివేస్తాం. ఋణస్థునికి అతని తాకట్టు తిరిగి ఇచ్చేవాడు, ఆకలిగొన్నవానికి ఆహారం పెట్టేవాడు, వడ్డీకి ఇవ్వనివాడు, లాభం కోరనివాడు. దుష్టుని లక్షణాలలో మళ్లీ అవే మాటలు తిరగబడి వస్తాయి, అతని కుమారుని లక్షణాలలో మూడవసారి వస్తాయి. వ్యక్తి బాధ్యతను గురించి ఇంత గట్టిగా పలికిన ప్రవక్త ఆ బాధ్యతను మొదట మోపినది అప్పుపడ్డవాడి మీద కాదు. దళితవాడలోని సంఘంలో ఈ అధ్యాయం బోధించబోయే విద్యార్థి 8, 13, 17 వచనాలను ముందుగా గుర్తుపెట్టుకుని, ‘యజ్ఞం’ చదివి, అప్పుడు వేదిక ఎక్కాలి.